పాఠం కావాలా, డేటా కావాలా? ఫేక్ న్యూస్‌పై ప్లాట్‌ఫామ్‌లు ఇచ్చేవాటిలో ఎవరికేది

2019 ఏప్రిల్ 2న వాట్సాప్‌లో చెక్‌పాయింట్ అనే నంబరు ఒకటి మొదలైంది. అనుమానంగా ఉన్న ఫార్వర్డ్‌ని దానికి పంపితే నిజమో అబద్ధమో చెబుతారన్నట్టు వార్తలొచ్చాయి. ఐదు భాషల్లో పనిచేస్తుందన్నారు, అందులో తెలుగు ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పోలింగ్ ఏప్రిల్ 11న. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు వచ్చింది కాబట్టి అందరం సంతోషించాం. తీరా చూస్తే, అది ప్రధానంగా పరిశోధన కోసం సమాచారం పోగుచేసే నంబరనీ, పంపిన ప్రతివారికీ జవాబిచ్చే హెల్ప్‌లైన్ కాదనీ దాన్ని నడిపిన ప్రోటో సంస్థ తన సైట్లోనే రాసుకుంది. హెల్ప్‌లైన్ అనుకుని పంపినవాళ్లు జవాబు కోసం ఫోను చూసుకుంటూ కూర్చున్నారు.

నేను జర్నలిజం విద్యార్థులకూ, అప్పుడప్పుడూ హైస్కూలు పిల్లలకూ ఈ విషయం మీద క్లాసులు చెబుతుంటాను. ఏ ప్లాట్‌ఫామ్ ఏ కార్యక్రమం ప్రకటించినా చెక్‌పాయింట్‌ని గుర్తుచేసుకుని ఒకటే అడుగుతాను: ఇది మనకు నేర్పడానికా, లేక లోపల ఏం జరుగుతోందో చూడనివ్వడానికా? మొదటిది మీడియా లిటరసీ. రెండోది పరిశోధకులకు డేటా ఇవ్వడం. యూరప్‌లో దుష్ప్రచారంపై ప్లాట్‌ఫామ్‌లు సంతకం చేసిన నియమావళిలో కూడా (2018లో వచ్చింది, 2022లో గట్టిపరిచారు) ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలు. ఒకదాని కోసం వెళ్లి ఇంకొకటి దొరికితే నిరాశే మిగులుతుంది.

స్కూల్లో ఒక పీరియడ్ దొరికిన టీచరు, ఫ్యామిలీ గ్రూపు అడ్మిన్, డిజర్టేషన్ టాపిక్ కోసం తిప్పలు పడుతున్న పీజీ విద్యార్థి, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, పత్రిక డెస్కులో ఉన్నవాళ్లు, యూరప్‌లో చదువుతున్న మనవాళ్లు: ఈ ఆరుగురిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఏం చూసి ఎంచుకోవాలి

తెలుగులో ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే ఎలా ఉంది అన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న. ఇంగ్లిష్ పోస్టర్‌ని మక్కీకి మక్కీ తెలుగు చేస్తే తొమ్మిదో తరగతి పిల్లవాడు రెండో లైను దగ్గరే ఆగిపోతాడు. డేటా వైపు ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. మనవాళ్లు వ్యాక్సిన్ అని రాస్తారు, వాక్సిన్ అంటారు, వ్యాక్సీన్ అంటారు, టీకా అంటారు. సగంమంది అసలు తెలుగు లిపే వాడరు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు. ఒక్క మాట పెట్టి వెతికి ‘తెలుగులో ఈ పుకారు పెద్దగా లేదు’ అని రాసేస్తే అది తప్పుడు సమాచారంపై తప్పుడు సమాచారం.

రెండోది, గుమ్మం దగ్గర ఎవరిని ఆపుతున్నారు. కొన్ని అందరికీ తెరిచే ఉంటాయి. కొన్నిటికి యూనివర్సిటీ లెటర్‌హెడ్ ఉండాలి. కొన్నిటికి డబ్బుండాలి.

మూడోది, పనిచేస్తుందని ఎవరు చెప్పారు, ఎవరి మీద పరీక్షించి చెప్పారు. దీని సంగతి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే.

నాలుగోది ఆయుష్షు. ఫేస్‌బుక్ 2016లో కొనుక్కున్న క్రౌడ్‌టాంగిల్‌ని ప్రపంచమంతా జర్నలిస్టులూ పరిశోధకులూ వాడారు. ఏ పోస్టు ఎంత పాకుతోందో దాదాపు అప్పటికప్పుడు కనిపించేది. 2024 ఆగస్టు 14న మూసేశారు. దాని మీదే థీసిస్ కట్టుకున్నవాళ్లు రోడ్డున పడ్డారు. ట్విట్టర్ 2021లో విద్యాసంస్థల పరిశోధకులకు నెలకు కోటి ట్వీట్ల వరకు ఉచితంగా ఇచ్చింది, రెండేళ్లు దాటీ దాటగానే 2023లో ఎత్తేసింది. ప్లాట్‌ఫామ్ దయతో ఇచ్చిందా, చట్టానికి కట్టుబడి ఇచ్చిందా అన్న తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది.

నేర్పే వైపు: చిట్కాలు, లేబుళ్లు

అన్నిటికంటే చౌక ఇవే. ఫేస్‌బుక్ పత్రికల్లో వేయించిన ‘ఫేక్ న్యూస్ గుర్తించడానికి చిట్కాలు’, వాట్సాప్ ఫార్వర్డ్‌ల మీద వచ్చే బాణం గుర్తులు ఈ కోవలోవి.

చిట్కాలు పనిచేస్తాయా? 2020లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చిన అధ్యయనం ఫేస్‌బుక్ చిట్కాలనే తీసుకుని అమెరికాలో, ఇండియాలో పరీక్షించింది. నిజం వార్తనూ అబద్ధపు వార్తనూ వేరుచేసే శక్తి అమెరికాలో 26.5 శాతం, ఇండియాలో బాగా చదువుకున్న ఆన్‌లైన్ జనంలో 17.5 శాతం మెరుగైంది. ఉత్తర భారతంలో ఎక్కువగా పల్లెలున్న ప్రాంతంలో మాత్రం ఏమీ మారలేదు. పై రెండు అంకెలు చూపించి మూడోది దాటేసే స్లైడ్లు నేను చాలా చూశాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపులో ఆ చిట్కాలు పెట్టండి, ఎంతో కొంత ఉపయోగం. ఊళ్లో గ్రామసభలో చదివి వినిపిస్తే మాత్రం ఫలితం ఆశించకండి.

లేబుళ్ల విషయం వేరు. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ పుకార్లు పుట్టి, మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత 2018 జులైలో ఇండియాలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్‌లకే పరిమితం చేశారు. 2020 ఏప్రిల్‌లో, ఐదు చేతులు దాటిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా బిగించారు. అలాంటి దాని మీద రెండు బాణాలుంటాయి. ఒక హైస్కూల్లో ఆ గుర్తు చూపించి ఇదేంటని అడిగాను. వెనక బెంచీ కుర్రాడు ఠక్కున చెప్పాడు: “బాగా హిట్టయిన మెసేజ్ సార్.” జాగ్రత్తపడమని పెట్టిన గుర్తు వాడికి మంచి పేరులా కనిపించింది! అందుకే లేబుల్‌ని చూపించి వదిలేయకుండా, దాని అర్థం ఒకసారి నోటితో చెప్పాలి.

ఆ బిగింపుతో బాగా చేతులు మారిన మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని వాట్సాప్ ప్రకటించింది. తగ్గే ఉండొచ్చు. కానీ లెక్క వేసింది వాళ్లే, చెప్పింది వాళ్లే. బయటివాళ్లెవరూ సరిచూసే దారి లేదు. నేర్పే వైపుకీ డేటా వైపుకీ ఉన్న లంకె ఇదే: డేటా చూడనివ్వకపోతే, నేర్పించామన్న మాటను కూడా నమ్మి ఊరుకోవడమే.

ముందస్తు టీకా వీడియోలు

అబద్ధం వచ్చాక ఖండించడం కాకుండా, అబద్ధాలు అల్లే పద్ధతుల్ని ముందే చూపించడం. భయం పుట్టించే మాటలు, బలిపశువును వెతకడం, ‘ఇదో అదో తేల్చుకో’ అనే బెదిరింపు లాంటివన్నమాట. గూగుల్‌కి చెందిన జిగ్సా బృందం కేంబ్రిడ్జ్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాల వాళ్లతో కలిసి నిమిషంన్నర వీడియోలు చేసి యూట్యూబ్‌లో యాడ్లుగా వేసింది. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ పద్ధతుల్ని గుర్తుపట్టడం సగటున 5 శాతం పెరిగింది. చిన్న అంకెలా ఉంటుంది. యాడ్ ఖర్చుతో లక్షలమందికి చేరుతుంది కాబట్టి తీసిపారేసేది కాదు. ఎన్నాళ్లు గుర్తుంటుందన్నది వేరే ప్రశ్న.

మన సంగతి: 2022 చివర్లో ఇండియా కోసం ప్రకటించిన ఇలాంటి ప్రచారానికి ఎంచుకున్న భాషలు బెంగాలీ, హిందీ, మరాఠీ. తెలుగు లేదు. కాబట్టి తెలుగు క్లాసుకు దీన్ని సరుకుగా వాడలేం, పద్ధతిగా వాడుకోవచ్చు. నేనైతే పిల్లల చేతే ఒక అబద్ధపు ఫార్వర్డ్ రాయిస్తాను, బోర్డు మీద, ఫోను ముట్టుకోకుండా. ‘పది మందికి పంపకపోతే...’ అని మొదలుపెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. రాశాక ఏ మాట దేనికి వాడారో వాళ్లే విప్పి చెబుతారు. చెరిపేసి వెళ్లడం మాత్రం మరచిపోవద్దు.

మనుషులు వచ్చి చెప్పే శిక్షణ

గూగుల్ న్యూస్ ఇనీషియేటివ్ 2018లో డేటాలీడ్స్ వంటి సంస్థలతో కలిసి 8,000 మంది జర్నలిస్టులకు ఏడు భాషల్లో శిక్షణ ఇస్తామంది. ఆ ఏడింట్లో తెలుగు ఉంది. 2020లో గూగుల్ సాయంతో ఇంటర్‌న్యూస్, డేటాలీడ్స్ మొదలుపెట్టిన ఫ్యాక్ట్‌శాల సామాన్య జనం కోసం. స్థానిక జర్నలిస్టులూ అధ్యాపకులే శిక్షకులు. నా అనుభవంలో ఇలాంటి వాటి నాణ్యతంతా వచ్చిన మనిషి మీద ఆధారపడి ఉంటుంది. రివర్స్ ఇమేజ్ సెర్చ్ చేత్తో చేయించినవాళ్లు గుర్తుంటారు. అరవై స్లైడ్లు తిప్పినవాళ్లు తిప్పుకుని వెళ్లిపోతారు.

ఎంతసేపు చెప్పాలన్నదానికి బిహార్ నుంచి రెండు సాక్ష్యాలున్నాయి. పక్కపక్కన పెట్టి చూడాలి. 2019 ఎన్నికలప్పుడు పరిశోధకురాలు సుమిత్ర బద్రీనాథన్ అక్కడ 1,200 మందికి పైగా మనుషులతో ప్రయోగం చేశారు. ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, గంటసేపు చెప్పించారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. కొందరిలో పార్టీ అభిమానం పాఠాన్ని మింగేసింది. తర్వాత అదే రాష్ట్రంలో ఆమె, సైమన్ షొషార్ మరికొందరితో కలిసి ప్రభుత్వ తోడ్పాటుతో 583 గ్రామాల్లో 13,500 మంది విద్యార్థులతో ఇంకో ప్రయోగం చేశారు. ఈసారి ఒక్క గంట కాదు, వారాల తరబడి తరగతులు. పిల్లలు నిజం అబద్ధం మెరుగ్గా వేరుచేశారు, నాలుగు నెలల తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. కొంత తల్లిదండ్రులకూ పాకింది.

ప్లాట్‌ఫామ్‌లు ఇష్టపడేది మొదటి రకం. గంట, ఫొటో, సర్టిఫికెట్. పనిచేసేది రెండో రకం. మీ స్కూలుకి ఎవరైనా ఒక్కరోజు వర్క్‌షాప్ ఇస్తామంటే వద్దనకండి, కానీ ఆ తర్వాత ఆరు వారాలు మీరే నడపగలరా అన్నది ముందే తేల్చుకోండి.

ప్లాట్‌ఫామ్ ప్రమేయం లేకుండా జరిగినదీ ఒకటి చెప్పాలి. 2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో పుకార్లు రాజుకున్నప్పుడు అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్నే ఊరూరికీ పంపారు. డప్పు కొట్టించి, పాట కట్టించి చెప్పించారు. ఆ పాటకి ఏ యాప్ అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు. ఉత్తర భారత పల్లెల్లో చిట్కాలు ఎందుకు పనిచేయలేదో గద్వాల డప్పు వింటే సగం అర్థమవుతుంది.

టిప్‌లైన్లు, కమ్యూనిటీ నోట్స్

టిప్‌లైన్ అంటే మీకొచ్చిన మెసేజ్ పంపే వాట్సాప్ నంబరు. ఇదివరకే తేల్చిన పుకారైతే బాట్ వెంటనే లింకు ఇస్తుంది, కొత్తదైతే మనిషి చూడాలి. 2024 ఎన్నికల ముందు ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని మెటా, ఫ్యాక్ట్ చెక్ సంస్థల కూటమి మిస్‌ఇన్ఫర్మేషన్ కంబాట్ అలయన్స్ కలిసి డీప్‌ఫేక్‌ల కోసం ప్రత్యేకంగా ఒకటి పెట్టాయి. ఇంగ్లిష్, హిందీ, తమిళం, తెలుగు భాషల్లో. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ తెలుగులో ఫ్యాక్ట్ చెక్‌లు రాస్తాయి. ఫ్యామిలీ గ్రూపు అడ్మిన్‌కి అన్నిటికంటే అక్కరకొచ్చేది ఈ వరసే. అయితే ఖర్చు ఎవరు పెడుతున్నారో గుర్తుంచుకోండి. ఫేస్‌బుక్ 2016 నుంచి ఫ్యాక్ట్ చెక్ సంస్థలకు డబ్బిచ్చి పనిచేయించుకుంది, ఫ్యాక్ట్‌లీ 2019లో ఆ జాబితాలో చేరింది. 2025 జనవరిలో ఆ కార్యక్రమాన్ని అమెరికాలో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అక్కడ ఆగినది ఇంకెక్కడైనా ఆగొచ్చు.

దాని బదులు వచ్చింది ఎక్స్ (పాత ట్విట్టర్) దారి: కమ్యూనిటీ నోట్స్. 2021లో బర్డ్‌వాచ్ పేరుతో అమెరికాలో మొదలై, ఇండియాకి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. జనమే పోస్టు కింద వివరణ రాస్తారు. మామూలుగా ఒకరితో ఒకరు విభేదించేవాళ్లు కూడా ‘ఉపయోగకరం’ అంటేనే ఆ నోట్ అందరికీ కనిపిస్తుంది. ఆలోచన నాకు నచ్చింది. కానీ తెలుగు పోస్టుకి తెలుగులో రేటింగ్ ఇచ్చేవాళ్లు, అందులోనూ రెండు వైపుల వాళ్లు, తగినంతమంది ఉండాలి కదా. మన రాజకీయ పోస్టుల కింద ఆ రెండు వైపులూ ఒక మాట మీదికి రావడం ఎంత సులువో మీకు చెప్పనక్కర్లేదు.

డేటా వైపు

ఇక్కడ పట్టిక పెట్టడమే సులువు. ఇందులో ఏపీఐ అంటే, ప్రోగ్రామ్ రాసి ప్లాట్‌ఫామ్‌ని నేరుగా డేటా అడిగే దారి.

| మార్గం | ఎవరికి దొరుకుతుంది | ఖర్చు | తెలుగు పనికి ఎలా |
|---|---|---|---|
| యూట్యూబ్ డేటా ఏపీఐ | గూగుల్ అకౌంట్ ఉన్న ఎవరికైనా | ఉచితం, రోజువారీ కోటా | చాలా బాగుంది |
| మెటా యాడ్ లైబ్రరీ | అందరికీ | ఉచితం | రాజకీయ ప్రకటనలకు బాగుంది |
| మెటా కంటెంట్ లైబ్రరీ | విద్యాసంస్థలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు | దరఖాస్తు, ఓపిక | బాగుంది, లోపలికి వెళ్లగలిగితే |
| ఎక్స్ ఏపీఐ | డబ్బున్నవారికి | పెద్ద ఎత్తున కావాలంటే చాలా ఎక్కువ | మన బడ్జెట్లకు అందదు |
| కమ్యూనిటీ నోట్స్ డేటా | అందరికీ, డౌన్‌లోడ్ | ఉచితం | ప్రశ్న చిన్నదైతే చాలు |
| వాట్సాప్ డేటా దానం | పరిశోధన బృందాలకు | మనుషుల్ని ఒప్పించే శ్రమ | కష్టం, కానీ విలువైనది |
| యూరప్ చట్టం దారి | యూరప్‌లోని ముప్పుపై పనిచేసేవారికి | కాగితాల పని | పరోక్షంగా |

పీజీ విద్యార్థి ఎవరైనా అడిగితే నేను యూట్యూబ్ ముందు చెబుతాను. తెలుగువాళ్లు గంటల తరబడి ఉండేది అక్కడే, పైగా తలుపు తెరిచే ఉంది. అయితే కోటాని తెలివిగా వాడాలి. రోజుకు 10,000 యూనిట్లు ఇస్తారు. ఒక్కో సెర్చ్‌కి 100 పోతాయి, అంటే రోజుకి వంద సెర్చ్‌లు. మొన్న ఒక విద్యార్థిని నలభై తెలుగు న్యూస్ ఛానెళ్ల వీడియోల జాబితా కోసం సెర్చ్ మీద సెర్చ్ కొట్టి, రోజూ మధ్యాహ్నానికే కోటా అయిపోతోందని వచ్చింది. సెర్చ్ అక్కర్లేదమ్మా అన్నాను. ప్రతి ఛానెల్‌కీ అప్‌లోడ్‌ల ప్లేలిస్ట్ ఒకటి ఉంటుంది. ఛానెల్ ఐడీ ‘యూసీ’తో మొదలైతే, ఆ రెండక్షరాల్ని ‘యూయూ’గా మారిస్తే అదే ప్లేలిస్ట్ ఐడీ. దాన్ని అడిగితే ఒక్క యూనిట్‌కి 50 వీడియోలు వస్తాయి. ఐదు వేల వీడియోలున్న ఛానెల్ మొత్తం వంద యూనిట్లలో అయిపోతుంది, అంటే ఒక్క సెర్చ్ ఖరీదు. కామెంట్లు కూడా యూనిట్‌కి వంద దాకా వస్తాయి. ఇంకా కావాలంటే విద్యాసంస్థల వాళ్లకి 2022లో మొదలైన యూట్యూబ్ రీసెర్చర్ ప్రోగ్రామ్ ఉంది, కోటా పెంచుతారు. దొరకనిది ఒకటే: ఏ వీడియోని ఎవరికి, ఎందుకు సిఫారసు చేస్తుందో ఏపీఐ చెప్పదు. తప్పుడు సమాచారం విషయంలో అసలు ప్రశ్న అదే అయినా సరే.

యాడ్ లైబ్రరీ డెస్కు జర్నలిస్టుకి. ఇండియా రాజకీయ ప్రకటనల్ని 2019 నుంచి ఇందులో చేరుస్తున్నారు. పేజీ పేరు, ఖర్చు ఇంత నుంచి ఇంత అని, ఏ రాష్ట్రంలో ఎంతమంది చూశారు అన్నీ కనిపిస్తాయి. ప్రకటన ఆగిపోయినా ఏడేళ్లు ఉంచుతారు. పార్టీ అధికారిక పేజీ కంటే, ఎవరిదో తెలియని పేర్లతో వ్యంగ్య వీడియోలకు డబ్బు పెట్టే పేజీలు చూడండి. వార్త సాధారణంగా అక్కడే ఉంటుంది.

క్రౌడ్‌టాంగిల్ స్థానంలో వచ్చిన మెటా కంటెంట్ లైబ్రరీలో సరుకు బాగానే ఉంది. 2023 నవంబరు నుంచి విస్తృతంగా ఇస్తున్నారు. మొదట్లో దరఖాస్తులు చూసింది మిచిగన్ విశ్వవిద్యాలయంలోని ఐసీపీఎస్ఆర్ అనే డేటా సంస్థ. కానీ లాభాపేక్షతో నడిచే పత్రికలకి తలుపు మూశారు. క్రౌడ్‌టాంగిల్‌ని ఎక్కువగా వాడింది వాళ్లే. పైగా విశ్లేషణ చాలావరకు వాళ్ల క్లీన్ రూమ్ లోపలే చేయాలి. లైబ్రరీలో కూర్చుని చదువుకోవచ్చు, పుస్తకం ఇంటికి తీసుకెళ్లకూడదు, అలాంటిది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, గైడూ యూనివర్సిటీ వెనక ఉన్నవాళ్లు వేయండి. ఆరు నెలల డిజర్టేషన్‌కి మాత్రం దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎక్స్ గురించి ఎక్కువ చెప్పను. 2023లో ఉచిత దారులు మూసేశాక పెద్ద ప్యాకేజీ నెలకు 42,000 డాలర్ల నుంచి మొదలని వార్తలొచ్చాయి. అప్పటి మారకంలో 35 లక్షల రూపాయల దాకా. మన యూనివర్సిటీల్లో ఏ డిపార్ట్‌మెంటు భరిస్తుంది? పోనీ సొంత ప్రోగ్రామ్‌తో పేజీల్లోంచి డేటా లాగేసుకుందామంటే, తనపై నివేదిక రాసిన సీసీడీహెచ్ అనే సంస్థ మీద ఎక్స్ 2023లో దావా వేసింది. 2024 మార్చిలో కాలిఫోర్నియా కోర్టు కొట్టేసిందనుకోండి, కానీ మనకి లాయరు ఖర్చు ఎవరిస్తారు? కమ్యూనిటీ నోట్స్ డేటా మాత్రం మినహాయింపు: నోట్లు, రేటింగులు, ఏది కనిపించింది ఏది కనిపించలేదు, లెక్క వేసే కోడ్‌తో సహా అన్నీ డౌన్‌లోడ్‌కి ఉన్నాయి. తెలుగు నోట్లు ఎన్ని రాశారు, ఎన్ని బయటికి వచ్చాయి అన్న ఒక్క ప్రశ్నతో మంచి ఎంఏ డిజర్టేషన్ అవుతుంది.

వాట్సాప్ సందేశాలు ఎన్‌క్రిప్టెడ్ కాబట్టి కంపెనీయే ఇవ్వలేదు. 2018లో ప్రపంచవ్యాప్తంగా 20 బృందాలకు తలా 50,000 డాలర్లు ఇచ్చి పరిశోధన చేయించింది గానీ, డబ్బుతో పాటు డేటా ఇవ్వలేదు. మిగిలింది దానం: రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని కిరణ్ గరిమెళ్ల వంటి వారు తయారుచేసిన పరికరాలతో, వాడేవాళ్ల అనుమతి తీసుకుని, వాళ్ల గ్రూపుల సందేశాలను పేర్లు తీసేసి సేకరించడం. అనుమతి ఇచ్చింది ఒకరు, గ్రూపులో ఉన్నది రెండొందల మంది. ఎథిక్స్ కమిటీ ముందు ఈ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోకుండా మొదలుపెట్టకండి.

చట్టం ఉన్నచోట, లేనిచోట

యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 40వ అధికరణం పెద్ద ప్లాట్‌ఫామ్‌లు పరిశోధకులకు డేటా ఇవ్వాల్సిందేనంటుంది. బహిరంగంగా ఉన్నదే కాదు, లోపలి డేటా కూడా అడిగే ఏర్పాటు 2025 అక్టోబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది. ఇవ్వకపోతే ఏమవుతుంది? 2025 డిసెంబరులో ఎక్స్‌కి 12 కోట్ల యూరోల జరిమానా పడింది. చూపిన తప్పుల్లో పరిశోధకులకు డేటా అందనివ్వకపోవడం ఒకటి. అదే ఏడాది అక్టోబరులో మెటా, టిక్‌టాక్‌లు కూడా ఈ బాధ్యతలో తప్పాయని యూరోపియన్ కమిషన్ ప్రాథమికంగా తేల్చింది. అంటే చట్టం ఉన్నా తలుపు దానంతట అది తెరుచుకోలేదు. తట్టడానికి చేతిలో కర్ర మాత్రం ఉంది. ఇండియాలో అలాంటి అధికరణం లేదు. మనకి దొరికేదంతా కంపెనీ ఇష్టం మీద దొరికేదే.

మీరు ఎవరైతే ఏది

హైస్కూలు టీచరు: చిట్కాల పోస్టర్ పక్కన పెట్టండి. ఎవరైనా శిక్షకుడు దొరికితే మొదటి క్లాసు ఆయనతో, మిగతావి మీతో. కనీసం ఆరు వారాలు, వారానికొకటి. పిల్లల ఇంట్లో వాళ్లకి వచ్చిన ఫార్వర్డ్‌లనే పాఠంగా వాడండి, పంపినవాళ్ల పేర్లు చెరిపేసి.

ఫ్యామిలీ గ్రూపు అడ్మిన్: ఒక తెలుగు ఫ్యాక్ట్ చెక్ సైటు, ఒక టిప్‌లైన్ నంబరు, రెండూ సేవ్ చేసుకోండి. గ్రూపులో అందరి ముందు పెద్దమ్మ పెట్టింది తప్పని లింకు పడేస్తే ఆవిడ రేపట్నుంచి ఇంకో గ్రూపులో పెడుతుంది. విడిగా ఫోన్ చేసి, “పెద్దమ్మా, నాకూ నిజమే అనిపించింది, చూస్తే పాత ఫొటో అట” అనండి. ఇది ఏ కంపెనీ కరదీపికలోనూ ఉండదు.

పీజీ విద్యార్థి: యూట్యూబ్, లేదా కమ్యూనిటీ నోట్స్. సేకరించిన రోజే ఒక కాపీ దాచుకోండి. వీడియోలు మాయమవుతాయి, నియమాలు మారతాయి.

పీహెచ్‌డీ: మెటా కంటెంట్ లైబ్రరీకి దరఖాస్తు ఈ వారమే పెట్టండి, వచ్చేదాకా ఇంకో దారిలో మొదలుపెట్టండి. ఒకే కిటికీ మీద మొత్తం థీసిస్ నిలబెట్టవద్దు.

డెస్కు జర్నలిస్టు: కంటెంట్ లైబ్రరీ మీకు రాదు. యాడ్ లైబ్రరీ, యూట్యూబ్ చాలు. లేదంటే దగ్గర్లోని యూనివర్సిటీ విభాగంతో జత కట్టండి, లోపలికి వాళ్లు వెళతారు, ఏం అడగాలో మీకు తెలుసు. ప్రభుత్వాలు నడిపే ఫ్యాక్ట్ చెక్ విభాగాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. వాటి మాటను ప్రభుత్వ వివరణగా వేయండి, తీర్పుగా కాదు.

యూరప్‌లో చదువుతున్నవారు: 40వ అధికరణం మీ చేతిలో ఉన్న అవకాశం. ప్రశ్న యూరప్‌లోని ముప్పు గురించి అయి ఉండాలి కాబట్టి, గుంటూరు ఎన్నికల మీద నేరుగా అడగలేరు. అక్కడ స్థిరపడిన వలస సమాజాల్లో వాళ్ల సొంత భాషల్లో తిరిగే తప్పుడు సమాచారాన్ని ప్లాట్‌ఫామ్‌లు ఎంతవరకు పట్టుకుంటున్నాయి అని అడగవచ్చు. ఆ భాషల జాబితాలో తెలుగు చేర్చండి. తెలుగు కంటెంట్ చూడటానికి ఎంతమంది మోడరేటర్లున్నారో, ఇంగ్లిష్ అక్షరాల తెలుగు వాళ్ల యంత్రాలకు కనిపిస్తోందో లేదో హైదరాబాద్‌లో కూర్చుని మేం అడిగితే జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. మీరు అడిగితే ఉంది.